ఊరి గతమునకు కరణమెవరు?

1984వ సంవత్సరమున నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము వంశపారంపర్యపు గ్రామోద్యోగములను రద్దు చేసి కరణములను, మునసబులను ఇంటికి పంపినప్పుడు, తరతరములుగా ఒకే కుటుంబము చేతిలో చిక్కియున్న ఊరి లెక్కలు ఇకనైనను వెలుగు చూచునని సంతోషించినవారే ఎక్కువ. ఆ సంతోషము అకారణము కాదు. కరణము కలముపోటునకు భూములు కోల్పోయిన రైతుల కథ ఒకటైనను చెప్పుకొనని ఊరు తెలుగుదేశమున అరుదు. అయితే ఆనాడు ఎవరును అడుగని ప్రశ్న ఒకటి మిగిలిపోయినది. పన్నుల లెక్కలు కచేరీకి చేరినవి, సరే. చెరువును ఎవరు త్రవ్వించిరి, సత్రమునకు మాన్యము ఏ వీలునామాచే సంక్రమించెను, గాలివానలో కొట్టుకొనిపోయిన పాత పేట ఏ దిక్కున నుండెను, సంత జరుగు వారము ఎప్పుడు, ఏ తగవుచేత మారెను అను మరొక లెక్క, ఏ చట్టమునకును పట్టని లెక్క, కరణము జ్ఞాపకములోను, ఆయన అటకమీది కట్టలలోను ఉండెడిది. దానిని అప్పగించుకొనుటకు ఏ అధికారియు రాలేదు. ఆ కట్టలలో కొన్ని చెదలకును, కొన్ని పొయ్యిలోనికిని, కొన్ని పాత కాగితముల బేరగాని తక్కెడలోనికిని పోయినవి.

కరణము తిరిగి రావలెనని నా అభిప్రాయము కాదు, రాకూడదు. అతడు చేయుచుండిన పనులలో నిలుపుకొనదగినది ఒకటి యున్నదనియు, దానిని ఒక్క కుటుంబము చేతినుండి తీసి ఊరందరి చేతిలోను పెట్టవలసియుండగా మనము ఎవరి చేతిలోను పెట్టక విడిచితిమనియు మాత్రమే నేను చెప్పదలచినది. చిన్న పట్టణముల వారసత్వమును గూర్చి ప్రసంగము వచ్చినప్పుడెల్ల మనకు మొదట తోచునది నిధుల కొరత. తరువాత తోచునది ప్రభుత్వపు అలసత్వము. ఈ రెండును అబద్ధములు కావు. కాని నాకు కనిపించినంతవరకు లోపించినది అంతకంటె చవుకైనదియు, అంతకంటె దుర్లభమైనదియు నగు వస్తువు: నిత్యము ఆ ఊరిలోనే కాపురముండి, చూచి, వ్రాసి, వ్రాసినదానిని దాచి, గునపము పడు దినమున ఎదుట నిలిచి ఆ గోడ ఎవరిదో, ఏనాటిదో చెప్పగల కొద్దిమంది మనుష్యుల కూటమి. దానికి పురచరిత్ర సంఘమని పేరు పెట్టుకొన్నను, ఇతిహాస మండలి యని పెట్టుకొన్నను ఒకటే.

ఊరి సంగతులను ఊరివారిచేతనే చెప్పించి వ్రాయుట మనకు క్రొత్త విద్య కాదు. స్కాట్లండు పడమటి ద్వీపములలో పుట్టి, ఈస్టిండియా కంపెనీ కొలువులో ఇంజనీరుగా మన దేశమునకు వచ్చి, 1815లో భారతదేశపు మొట్టమొదటి సర్వేయరు జనరలైన కాలిన్ మెకంజీ తన భూమి కొలతల పనితోపాటు పెట్టుకొన్న వ్యసనము పాత కాగితములను, శాసనములను, నాణెములను సేకరించుట. ఆయనకు తెలుగు రాదు. ఆయనకు కన్నులును చెవులును అయినవారు ఏలూరునకు చెందిన కావలి సోదరులు, వేంకట బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వాములు. వారును, వారి క్రింద పనిచేసిన గుమాస్తాలును ఊరూర విడిది చేసి, కరణముల కవిలెలు విప్పించి, గుడి ముంగిటి శాసనములకు నకళ్లు వ్రాసికొని, వృద్ధుల నోటిమాటలు ఆలకించి తెచ్చినవే కైఫీయతులు. 1821లో మెకంజీ గతించిన పిమ్మట దిక్కులేక పడియున్న ఆ వ్రాతలలో కొన్నిటికి సి.పి. బ్రౌను మరల ప్రతులు వ్రాయించి ప్రాణము నిలిపెను. కైఫీయతును చదువుట ఒక వింత యనుభవము. రాముడు ప్రతిష్ఠించిన లింగము, గజపతుల దండయాత్ర, నిరుటి శిస్తు బకాయి, ఈ మూడును ఒకే వరుసలో, ఒకే కంఠస్వరముతో వచ్చుచుండును. శాస్త్రీయ చరిత్రకారులు చాలకాలము వానిని చూచి నవ్విరి. నవ్వినవారే తరువాత ఏ ఊరి స్థలచరిత్ర వ్రాయవలసివచ్చినను మొదట వానినే తెరచి చూచుచుండిరి. ఏలయన ఆ ఊరిని గూర్చి వేరెవ్వరును ఏమియు వ్రాసియుండలేదు.

వ్రాసి పెట్టుటవలన కలుగు ప్రయోజనమెంతటిదో అమరావతి కథ చెప్పినంత స్పష్టముగా మరియొకటి చెప్పజాలదు. పదునెనిమిదవ శతాబ్ది తుదిలో వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు అచట నూతన నగరమును కట్టించుచుండగా, దీపాలదిన్నె యని జనులు పిలుచుచుండిన పెద్ద దిబ్బను రాళ్లకొరకును ఇటుకలకొరకును త్రవ్వజొచ్చిరి. అది బౌద్ధుల మహాచైత్యమని త్రవ్వినవారికి తెలియదు. వారిని నిందించి ప్రయోజనము లేదు, చెప్పువారు ఊరిలో లేరు. 1797లో ఆ వార్త విని మెకంజీ వచ్చి చూచెను. ఇంచుమించు ఇరువది ఏండ్లు గడచి 1816లో ఆయన మరల వచ్చునప్పటికి దిబ్బ నడిబొడ్డున చెరువు త్రవ్వబడినది, చైత్యపు పలకలు గుడి మెట్లకును ఇండ్ల గోడలకును పోయినవి. ఆయన చేయగలిగినది ఒక్కటే: మిగిలిన శిలలను కొలిపించి, ఒక్కొక్కదానిని కాగితముపై చిత్రింపజేసెను. అటుపై 1845లో వాల్టరు ఎలియటు త్రవ్వించిన పలకలు చెన్నపట్టణమునకును, కొంతకాలమునకు వానిలో పెక్కు లండనునకును తరలినవి. ఇట్లు తరలినవైనను బ్రదికియున్నవి. మెకంజీ చిత్రకారులు గీసిన పలకలలో కొన్ని నేడు ఏ దేశమునందును లేవు. సున్నపుబట్టీలో కాలినవో, ఏ పునాదిలో పడినవో ఎవరును చెప్పలేరు. వాని రూపము మనకు దక్కినదన్న అది ఆ చిత్రములవలననే. భట్టిప్రోలునకు ఈ పాటి అదృష్టమైనను పట్టలేదు. ఆ స్తూపపు ఇటుకలను, చలువరాళ్లను ప్రభుత్వపు మరామత్తు పనివారే బాటలకును కాలువ పనులకును వాడుకొనగా, 1892లో అలెగ్జాండరు రీ త్రవ్వునాటికి మిగిలిన గర్భములో దొరకిన ధాతుకరండములు, వానిపై చెక్కిన బ్రాహ్మీ అక్షరములు దక్షిణాపథ లిపిచరిత్రనే కదలించినవి. పోయిన భాగమునందు ఏమేమి యుండెనో ఊహకైనను అందదు.

ఇక కనుగొన్నవారిని గూర్చి చూతము. నాగార్జునకొండ యనగానే మనకు లాంగ్‌హర్‌స్టు, రామచంద్రన్, సుబ్రహ్మణ్యము మొదలగు త్రవ్వకపు అధికారుల పేర్లు వినవచ్చును. ఆ లోయలో పురాతన స్తంభమును చూచి, చూచి ఊరకుండక, 1926లో చెన్నపట్టణపు ప్రభుత్వమునకు తెలియజేసినవాడు సూరపరాజు వేంకటరామయ్య అను స్థానికోపాధ్యాయుడు. ఆయన ఆ జాబు వ్రాయక ఇంకొక ముప్పది ఏండ్లు గడచినచో ఏమి జరిగియుండెడిదో ఆలోచింపుడు. 1955లో నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగినది. లోయ మునుగునని తెలిసినందుననే 1954 మొదలు 1960 వరకు అంత పెద్ద ఎత్తున త్రవ్వకములు నడచినవి, కట్టడములు కొన్ని కొండమీదికిని, అనుపు అను చోటికిని తరలింపబడినవి. జాబు లేనిచో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఎవరికిని తెలియకయే జలములలో కలిసియుండెడిది.

గోదావరి ఒడ్డున కోటిలింగాల సంగతియు ఇట్టిదే. ధర్మపురి వాస్తవ్యుడగు సంగనభట్ల నరహరిశర్మ అచటి మట్టిలో దొరకుచుండిన నాణెములను ఓపికతో ప్రోగుచేసి పరబ్రహ్మశాస్త్రి వంటి లిపిజ్ఞుల దృష్టికి తెచ్చినందువలన గోభద, సమగోప మొదలగు, అంతవరకు ఎవరును వినని రాజుల పేర్లును, శాతవాహన వంశమూలపురుషుడని పురాణములు చెప్పు శ్రీముఖుని పేర ముద్రితమైన నాణెములును చరిత్రలోనికి వచ్చినవి. శాతవాహనుల తొలి నివాసము ఏదను వాదము అప్పటినుండి క్రొత్త దారి పట్టినది. విశ్వవిద్యాలయములు ఈ పనులు చేయలేవని కాదు. అవి ఆ వేళకు అక్కడ ఉండవు. వర్షము వెలిసిన మరునాటి ఉదయము చేనిగట్టున మెరసిన నాణెమును చూచువాడు ఆ ఊరివాడే.

అయితే ఒంటరివారి శ్రద్ధ వారితోనే గతించును. ఒక ఉపాధ్యాయుడు ముప్పది సంవత్సరములు కూర్చిన నోటుపుస్తకములు ఆయన పోయిన సంవత్సరమునకే ఇల్లు ఖాళీ చేయునప్పుడు వీధిలో పడుట మనము చూడని దృశ్యము కాదు. సంఘము కావలసినది ఇందునకే. ఈ సత్యమును మనకు చాల ముందుగా గ్రహించినవారు రాజమహేంద్రవరమువారు. రాజరాజనరేంద్రుని పట్టాభిషేకమునకు తొమ్మిదివందల ఏండ్లు నిండిన 1922లో అచట ఆంధ్రేతిహాస పరిశోధక మండలి వెలసినది. దానిని నడపినవారెవరు? భావరాజు వేంకటకృష్ణారావు వృత్తిచే న్యాయవాది. రాళ్లబండి సుబ్బారావు కళాశాలలో ఉపన్యాసకుడు. చిలుకూరి వీరభద్రరావు పత్రికలలో పనిచేసి, జీతముకంటె అప్పులే ఎక్కువగా ఎరిగినవాడు, తెలుగున ఆంధ్రుల చరిత్రమునకు పెద్ద యెత్తున శ్రీకారము చుట్టినవాడు. పరిశోధనకు పట్టము లేదు. వారు చేసినదేమన, నాగటి చాలులో దొరకి కంచరవాని కొలిమికి పోనున్న రాగిరేకులను అడ్డగించి తెచ్చి చదివిరి, చదివినదానిని అచ్చు వేసిరి. 1926 నుండి ఆంగ్లమున త్రైమాసిక పత్రికను నడపిరి. తెలుగున 1935లో కాకతీయ సంచికను, 1947లో రెడ్డి సంచికను వెలువరించిరి. ఆ సంచికలను ప్రక్కన పెట్టుకొనక నేటికిని ఆ వంశములపై వ్యాసము వ్రాయుటకు ఎవరును సాహసింపరు. మండలి కూర్చిన వస్తువులకు తరువాతికాలమున ప్రభుత్వాదరణ లభించి, 1967లో ఏర్పడిన ప్రదర్శనశాల రాళ్లబండి సుబ్బారావు పేరనే నిలిచినది.

ఇంచుమించు అదే కాలమున, తెలుగు చదువునకే దిక్కులేని నైజాము రాజ్యములో, కొమర్రాజు లక్ష్మణరావు స్మారకముగా హైదరాబాదున లక్ష్మణరాయ పరిశోధక మండలి పనిచేసినది. తెలంగాణ శాసనములు అను పేర 1935లో అది వెలువరించిన సంపుటము, ఈ నేలమీద తెలుగు ఎంత పాతదో చెప్పుటకు ఉపన్యాసములు వెయ్యి చేయలేని పనిని చేసినది. అటుపిమ్మట బి.ఎన్. శాస్త్రి నల్లగొండ జిల్లా గ్రామములు త్రొక్కి శాసన సంపుటములు ప్రకటించుటయు, నేడు కొత్త తెలంగాణ చరిత్ర బృందమువారు సెలవుదినములలో గుట్టలు, గుడులు తిరిగి శాసనములను, వీరగల్లులను, రాతిచిత్రములను వెలికి తెచ్చుచుండుటయు ఆ పరంపరలోనివే. పరంపర తెగలేదు, పలుచబడినది. జిల్లాకొక జిజ్ఞాసువు, రాష్ట్రమునకొక బృందము చాలవు. పట్టణమునకొకటి కావలెను.

ప్రభుత్వము ఉండగా ఇదంతయు ఏల యని అడుగువారు కలరు. ప్రభుత్వము చేయి ఎంతవరకు చాచగలదో వారు తెలిసికొనుట మంచిది. 1958 నాటి కేంద్రచట్టము క్రింద దేశమంతటను రక్షింపబడుచున్న కట్టడములు 3,600 పైచిలుకు మాత్రమే. 2010లో చేసిన సవరణచే వాని చుట్టును నూరు మీటర్ల మేర క్రొత్త నిర్మాణములు నిషిద్ధములు, ఆపై రెండువందల మీటర్లు అనుమతికి లోబడినవి. రాష్ట్రములకు వేరుగా చట్టములున్నవి. ఆంధ్రప్రదేశమున 1960 నాటిది, తెలంగాణమున 2017లో వచ్చినది. ఇవి యన్నియు రాజులు కట్టించినవానికిని, వేయేండ్ల నాటివానికిని గొడుగు పట్టును. చిన్న పట్టణముయొక్క వారసత్వములో అట్టివి ఒకటో రెండో యుండవచ్చును, లేకపోవచ్చును. తక్కినదంతయు గొడుగు వెలుపల తడియుచున్నదే: మండువా లోగిలి, బాటసారుల సత్రము, చెరువు తూము, తాలింఖానా, తెరపడిన టూరింగు టాకీసు, స్వాతంత్ర్యోద్యమపు కరపత్రములు దొంగతనముగా అచ్చయిన ముద్రణాలయము, మహమ్మదీయుల పీర్ల చావడి, మాలపల్లెలోని మొదటి బడి. భీమునిపట్టణములో డచ్చివారి సమాధులున్నవి; అందు పండుకొన్నవారు మన పూర్వులు కారు, అయినను ఆ సమాధులు ఆ పట్టణపు ఆస్తియే, ఆ రేవునకు ఓడలు వచ్చిన దినములకు సాక్ష్యమే.

రాయియే లేని వారసత్వము సంగతి ఏమి? 1921లో చీరాల పేరాల ప్రజలు తమ నెత్తిన పెట్టిన పురపాలక సంఘమును, దాని పన్నులను అంగీకరింపక, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వమున ఇండ్లువాకిండ్లు విడిచి ఊరిబయట పాకలు వేసికొని, రామనగరమని దానికి పేరు పెట్టుకొని, ఇంచుమించు పదునొకండు నెలలు ఎండకును వానకును ఓర్చి నివసించిరి. ఆయన సేవాదళమగు రామదండు వారి క్రమశిక్షణము దేశమంతయు చెప్పుకొన్నది. అట్టి మహాఘట్టమునకు పాకలు తప్ప వేరు కట్టడము లేదు, పాకలు మిగులవు. ఏ కుటుంబము ఏ పాకలో నుండెను, మగ్గములు ఎట్లు సాగినవి, అంటురోగము వచ్చినప్పుడు ఎవరు చూచిరి, మొదట తిరిగి వెళ్లినవారిపై తక్కినవారికి కోపము వచ్చెనా, ఇవి తాతల నోట విన్న మనుమలు ఎనుబదుల వయస్సులో నున్నారు. ఏ పురావస్తుశాఖయు ఈ పనికి రాదు; దాని ఉద్యోగము వేరు. పురపాలక సంఘము వద్దని ఊరు విడిచినవారి చరిత్రను కాపాడుడని పురపాలక సంఘమునే అడుగుటలో కొంత హాస్యమును లేకపోలేదు. చీరాలకు కూతవేటు దూరమున వేటపాలెములో 1918లో స్థాపితమైన సారస్వత నికేతనము, 1929లో గాంధీమహాత్ముడు శంకుస్థాపన చేసిన భవనముతో, పాత తెలుగు పత్రికల సంపుటములతో నేటికిని పరిశోధకులను రప్పించుకొనుచున్నది. చేనేతవారి చిన్న ఊరు ఒకటి నూరేండ్లు ఈ పనిని నిలువబెట్టగలిగినప్పుడు, అంతకు పదిరెట్లు పెద్దవగు పట్టణములు మాకు చేతకాదనుట వినసొంపుగా లేదు.

శత్రువు ఉదాసీనత యని అందరును అందురు. నాకు అంతకంటె భయము కలిగించునది భక్తి. జీర్ణోద్ధరణమను పేర వచ్చు భక్తి. పాడుబడిన గుడి పాడుబడియైన ఉండును, దాని రాళ్లు చదువుకొనుటకు వీలుగా నుండును. ఊరినుండి వెళ్లి ధనవంతుడైన దాత ఒకడు తిరిగి వచ్చి, పదునాలుగు లక్షలో ఇరువది లక్షలో విరాళమిచ్చి పని ప్రారంభించిన నాటినుండి దానికి అసలైన గండము మొదలగును. మండపపు స్తంభములకు ఎనామిలు రంగులు పూయుదురు. అక్షరముల గాడులలో రంగు గడ్డకట్టును. ఇసుకను యంత్రముతో రాతిపై చిమ్మి శుభ్రము చేయుదురు. ఎనిమిదివందల ఏండ్లు వానకు చెరగని అక్షరము అరగంటలో చెరగును. నేలకు నున్నని గ్రానైటు పలకలు పరచుటలో మట్టము జానెడు పెరిగి, శాసనపు క్రింది నాలుగు పంక్తులు భూమిలో పూడుకొనును. ఆ నాలుగు పంక్తులలోనే తరచుగా లేఖకుని పేరును, ఊరి ఎల్లలును ఉండుట ఎంత దురదృష్టము! దానశాసనములు వ్రాయించినవారు ఈ ధర్మమును చెరచినవాడు అరువదివేల ఏండ్లు పురుగై పుట్టునని శపించిరి. వారి భయమంతయు శత్రురాజులను గూర్చియు, లోభులను గూర్చియు; గుడిని అందముగా చేయబోవు ఆస్తికుని గూర్చి వారికి తోచియుండదు.

ఇందులో దుర్బుద్ధి ఎవరికిని లేదు. పని జరుగుచున్న దినమున మేస్త్రి ప్రక్కన నిలిచి, రంగు వేయుటకు ముందు రెండు గంటలు ఆగుడని మర్యాదగా చెప్పి, రాతిని నీటితో కడిగి, తడికాగితమును అతికించి, కుంచెతో తట్టి, మసి అద్ది, శాసనమునకు ప్రతి తీసికొనువారు ఊరిలో ఉన్నచో ఆ గుడికి హాని సగము తగ్గును. జిల్లా కేంద్రమునకు అర్జీ పెట్టి, అధికారి వచ్చునంతవరకు ఆగుడన్నచో దాతయు ఆగడు, మేస్త్రియు ఆగడు. కురిక్యాల దగ్గరి బొమ్మలగుట్టపై జినవల్లభుడు పదవ శతాబ్దిలో చెక్కించిన శాసనమున తెలుగు కందపద్యములున్నవి. నన్నయకు ముందే తెలుగున పద్యము పండినదనుటకు అది చేవ్రాలు. అట్టి గుట్టకును గ్రానైటు త్రవ్వకముల గండము వచ్చినది. అందున్నదేమో ఎరిగినవారు ఉన్నందున గొంతులు లేచినవి. ఏమున్నదో ఎవరును వ్రాసిపెట్టని గుట్టలు మన కన్నుల యెదుటనే పలకలై ఓడలెక్కి పోయినవి.

కావున సంఘముయొక్క మొదటి పని ప్రదర్శనశాల కట్టుట కాదు, ఉత్సవములు జరుపుట అంతకంటెను కాదు. చిట్టా వ్రాయుట. వీధి వెంబడి వీధి, ఇల్లు వెంబడి ఇల్లు, బావి వెంబడి బావి. ఏది ఎచటనున్నది, ఎవరు కట్టించిరని చెప్పుదురు, ఎవరు చెప్పిరి, ఏ తేదీన చెప్పిరి, నేటి స్థితి ఎట్లున్నది. తేదీ వేసిన ఛాయాచిత్రము ఒకటి. పూర్వము దీనికి కెమేరా కావలెను, డబ్బు కావలెను. నేడు ప్రతివాని జేబులోను సెల్‌ఫోను ఉన్నది. సెల్‌ఫోను ఉన్నందుననే పేరులేని చరిత్రలు, ఊహించిన వంశావళులు వాట్సాపులో రోజుకొకటి పుట్టుచున్నవి. వానికి మందు కూడ ఎవరు చెప్పిరి, ఎప్పుడు చెప్పిరి అను ఆ రెండు గళ్లే. ఈ చిట్టాకు రెండు ప్రతులుండవలెను, రెండును ఒకే ఇంట ఉండరాదు.

ఈ విషయమున కరణము చేసిన తప్పును మనము మరల చేయరాదు. కవిలె కట్టలో మాన్యములున్నవారి పేర్లే యున్నవి. మాన్యము దున్నినవారి పేర్లు లేవు. శాసనములును అంతే. సురవరం ప్రతాపరెడ్డి 1949లో ఆంధ్రుల సాంఘిక చరిత్రను వెలువరించునపుడు రాజుల వరుసను ప్రక్కకు నెట్టి, జనుల తిండిని, బట్టను, ఆటలను, తగవులను కావ్యములనుండి ఏరి కూర్చవలసివచ్చినది ఇందువలననే. పట్టణ చరిత్ర సంఘము అంతకష్టపడనక్కరలేదు. బ్రదికియున్నవారిని అడిగిన చాలును. కుమ్మరిని, చాకలిని, దర్గా ముజావరును, రిక్షా లాగి వృద్ధుడైనవానిని, పురిళ్లు పోసిన మంత్రసానిని అడుగని చిట్టా, తోలుకట్టు ఎంత అందముగా నున్నను, సగపు చిట్టాయే.

ఇట్టి సంఘములకు పొంచియున్న రోగములు నాకు తెలియక కాదు. ఒకటి, ఒకే కులమువారు చేరి తమ పూర్వుల ఘనతను ఊరి చరిత్రయని అచ్చువేయుట. రెండవది, స్థలపురాణమును చరిత్రగా నిలబెట్టవలెనని పట్టుపట్టుట. పాండవులు అజ్ఞాతవాసమున విడిసిన ఊళ్లు మన దేశమున ఎన్ని యున్నవో లెక్కించినచో వారికి అజ్ఞాతవాసము ఒక్క సంవత్సరము చాలదు. అట్లని ఎగతాళి చేసి ఆ కథలను త్రోసివేయుటయు తెలివి కాదు. కథను కథగా, చెప్పినవారి పేరుతో వ్రాసికొనవలెను. ఎవరిది గుడి, ఎవరిది దర్గా, ఏది ముందు అను తగవులలో తీర్పరిగా కూర్చుండు సంఘము ఆరునెలలు బ్రదుకదు. రెండు పక్షముల మాటయు వ్రాసిపెట్టి, లేచి వెళ్లిన సంఘమునకు ఇరువురి ఇండ్లలోను కాగితములు చూపుదురు. మూడవది, దొరకిన వస్తువులను సభ్యులు తమ ఇండ్ల బీరువాలలో దాచుకొనుట. 1878 నాటి నిధినిక్షేపముల చట్టము ప్రకారము పది రూపాయల విలువ మించిన నిధి భూమిలో దొరకినచో కలెక్టరునకు తెలుపవలసియున్నది. పది రూపాయలు నేడు తేనీటికైనను చాలవుగాని చట్టము చట్టమే. వస్తువు ప్రభుత్వమునకు పోవలెను. దాని కథ, కొలతలు, దొరకిన చోటు, దొరకిన దినము సంఘపు చిట్టాలో నిలువవలెను. చోటు తెలియని విగ్రహము ప్రదర్శనశాలలో అనాథయే.

పురపాలక సంఘములను నేను అడుగునది కొంచెమే. ఇంటిపన్నుతోపాటు ప్రతి గృహస్థునుండి గ్రంథాలయపు సెస్సు వసూలగుచున్నది. ఆ సొమ్ముతో నడచు పట్టణ గ్రంథాలయములో ఒక గది, గది లేనిచో ఒక ఇనుప బీరువా, స్థానిక చరిత్రకు కేటాయింపుడు. పట్టణములో నూరేండ్లు దాటిన కట్టడమును కూల్చుటకు అనుమతి ఇచ్చుటకు ముందు పదునైదు దినముల వ్యవధి నిచ్చి సంఘమునకు తెలియజేయుడు. కూల్చవలదని శాసించుటకు కాదు, కొలిచి, చిత్రించి, లోపలి కాగితములను అడిగి తీసికొనుటకు. ఇల్లు యజమానిది, వర్షమునకు కారు మండువాలో కాపురముండుమని అతనిని నిర్బంధించు హక్కు మనకు లేదు. అట్లు నిర్బంధింపబూనిన సంఘమును చూచినచో ఇండ్లవారు తలుపులు మూసికొందురు, కట్టడములు రాత్రికి రాత్రి కూలును. దేవాదాయ శాఖవారు జీర్ణోద్ధరణపు ఒప్పందములో శాసనముల ప్రతి తీయించిన పిమ్మటనే పని మొదలుపెట్టవలెనను ఒక్క షరతు చేర్చినచో, దానికి కాణీ ఖర్చు లేదు. పాఠశాలల ఉపాధ్యాయులకు ఇది అదనపు భారమని కొందరందురు. సూరపరాజు వేంకటరామయ్యయు ఉపాధ్యాయుడే.

ఇది చదువువారిలో చిన్న పట్టణములవారు పెక్కురు ఉందురు. ఉద్యోగము ముగించి తీరిక దొరకినవారును, పాత బజారులో ఇంకను దుకాణము నడపుచున్నవారును, కాలేజీలో చరిత్ర చెప్పుచు తమ ఊరి చరిత్రను ఎన్నడును చెప్పుటకు అవకాశము దొరకనివారును ఉందురు. సంఘమును నమోదు చేయుటకు మన చట్టము కోరునది ఏడుగురు సభ్యులను. మీ పట్టణములో ఆ ఏడుగురిని వెదకుడు. అందులో ఒక ముద్రాపకుడో, ఒక శిల్పియో, ఒక చేనేతవాడో, ఒక స్త్రీయో తప్పక ఉండునట్లు చూచుకొనుడు. ఎనుబదులు దాటినవారి పట్టికను ముందు వ్రాసి, వారితోనే పని ప్రారంభింపుడని నా మనవి. కట్టడములు వచ్చే సంవత్సరము వరకు ఆగవచ్చును.